తెర తీసిన కచేరీ

పొయ్యి మీద పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా అమ్మ స్నానాల గదిలోకి వెళ్ళి, బకెట్లో సబ్బునీళ్ళు కలిపి, చిన్నదాని నల్ల గౌనును అందులో ముంచేసింది. సాయంత్రం కచేరీకి వేసుకోవలసిన గౌను అది. దానికి బదులు పాత కోటూ ప్యాంటూ ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టింది. చిన్నది కొడుకుగా పెరిగి, తాను కూతురినని తేల్చి చెప్పిన బిడ్డ. పెద్ద ఆర్కెస్ట్రాలో ట్రంపెట్ వాయించే ఉద్యోగం వచ్చింది. మొదటి కచేరీ ఇవాళే.

ముందు పెద్దకూతురు చూసింది. "ఏంటమ్మా బకెట్లో నల్లగా? గేదెదూడని నానబెట్టావా?" అని నవ్వుతూ పైకి లాగి, అంతలోనే కంగారుపడింది. "అయ్యో, ఇది చెల్లి గౌను కదమ్మా!"

చిన్నది వచ్చి చూసింది. అరవలేదు. అమ్మకు ఆ నిదానమే ఎక్కువ గుబులు పుట్టించింది.

"కావాలనే తడిపావు కదూ?"

"అవునే, తడిపాను! ఎంపికప్పుడు తెర వెనక వాయించావు. మొహం చూడకుండా, వాయింపు విని తీసుకున్నారు. ఇవాళ ఆ తెర ఉండదు. ఎవడో ఈల వేస్తాడు, ఇంకెవడో ఏదో విసురుతాడు. ఈ ఒక్కసారికి కోటు వేసుకో తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా."

"తెర తీశాక వాళ్ళు నన్ను చూశారమ్మా. పక్కన వాయించే ముసలాయన గొంతు సవరించుకుని, 'అమ్మాయ్, నీ శ్రుతి కాస్త పైకి పోతోంది' అన్నాడు. అక్కడ నేను తిన్న చీవాట్లు అవే."

"ఇవాళ వచ్చేది ఆయనొక్కడే కాదే!"

చిన్నది కోటు తొడుక్కుంది. బొత్తాలన్నీ పెట్టుకుని ట్రంపెట్ పెదాలకు ఆనించింది. స్వరం సన్నగా లేచి మధ్యలోనే పగిలింది. కోటు విప్పేసి, ఇంట్లో వేసుకునే బట్టల్లోనే మళ్ళీ ఊదింది. ఈసారి వంటింట్లో గిన్నెల మూతలు గలగలలాడాయి.

"కోటు బిగుతై కాదమ్మా. అందులో నాకు ఊపిరే ఆడదు."

అమ్మ అక్కడే కూలబడింది. చిన్నప్పుడు గదిలోంచి రోజూ వినిపించింది ఆ పగిలిన స్వరమే. వాయిద్యం మంచిది కాదేమోననుకుని దాన్ని మార్పించింది కూడా. ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడుపు తర్వాత, ముందు గౌను పిండమ్మా!" అంది పెద్దది. "నీ కన్నీళ్ళు కూడా దీనిమీద పడితే ఇంకెప్పటికి ఆరుతుంది?"

ముగ్గురూ నవ్వారు. ఫ్యాను కింద కొంతసేపు, ఇస్త్రీపెట్టె కింద కొంతసేపు పెట్టి గౌను ఆరబెట్టారు.

సాయంత్రం హాల్లో అమ్మ మొదట జనం చేతులు చూసింది. విసిరేందుకు ఎవరి దగ్గరా ఏమీ లేదు. చిన్నది లేచి ఒంటరిగా వాయించడం మొదలుపెట్టగానే దగ్గులు కూడా ఆగిపోయాయి.

పక్కసీటావిడ ఇటు వంగింది. "ఎవరమ్మాయోగానీ, ఎంత ధీమాగా నిలబడిందండీ!"

అమ్మ ఆవిడ వైపు తిరిగింది. "మా అమ్మాయేనండీ. మా చిన్నమ్మాయి." ఇక ఆగలేకపోయింది. "పొద్దున్నుంచి మెతుకు ముట్టలేదు. అంతసేపు ఊదుతుంటే కళ్ళు తిరుగుతాయేమో, అసలే..."

"ష్..." ఆవిడ అమ్మ చేయి నొక్కింది. "కాస్త విననివ్వండి మీ అమ్మాయిని."