గడ్డకట్టిన సీసా

"ఈసారి చంపాల్సింది ఎవర్నీ కాదు. ఒక సూది ఆపాలి" అన్నాడు పెద్దాయన.

ఏజెంట్ తలూపాడు. డిపార్ట్‌మెంట్‌లో అతణ్ణి రాయి అంటారు. కరోనా మొదటి విడతలో అన్నయ్య పోయినప్పుడు శ్మశానం నుంచి నేరుగా డ్యూటీకి వచ్చాడు. అప్పటి నుంచీ ఆ పేరు.

బ్రీఫింగ్ డాక్టరమ్మ ఇచ్చింది.

"ఈ టీకాలో ఉన్నది చచ్చిన వైరస్. జబ్బు చెయ్యదు, ఆనవాళ్లు చూపిస్తుంది. ఒళ్లు వాటిని గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. అసలు వైరస్ వస్తే అవి పట్టుకుని కణంలోకి దూరకుండా అడ్డుపడతాయి."

"వేషం మార్చుకొస్తే?"

"అదే వేరియంట్. కొన్ని యాంటీబాడీలు మోసపోతాయి. కానీ ఒళ్లు ఒక్క ఆనవాలుతో ఆగదు, చాలా గుర్తుపెట్టుకుంటుంది. మారని ఆనవాళ్లను బట్టి మిగతా యాంటీబాడీలు దాన్ని పోల్చుకుంటాయి. జబ్బు వచ్చినా ప్రాణం మీదికి రావడం తగ్గుతుంది."

పెద్దాయన అందుకున్నాడు. విదేశీ ముఠా ఒక టీకాల పెట్టెను గడ్డకట్టించి, కరిగించి, తిరిగి పెట్టించింది. గడ్డకడితే ఈ టీకా పాడవుతుంది. సీసా మీది స్టిక్కర్ వేడికే రంగు మారుతుంది, చలికి మారదు. జనం సూది వేయించుకుంటారు, రక్షణ రాదు. వేరియంట్ వచ్చి మనుషులు పోతే ఇక టీకాని ఎవరూ నమ్మరు. పెట్టె మార్చింది సిల్క్.

సిల్క్ ఒకప్పుడు వీళ్ల ఏజెంటే. విందుల్లో రాయబారులు ఆమె పక్క కుర్చీ కోసం పోటీపడేవారు. రెండు వైపులా పనిచేస్తోందని తెలిసేలోపే మాయమైంది.

"ఫోన్ చేసి ఆపించొచ్చుగా?"

"ఏ పెట్టో తెలీదు. అలికిడైతే ఆవిడ పెట్టెతో సహా జారుకుంటుంది. ఆ పెట్టె చేరిన టీకా సెంటరు మీ వదిన డయాలసిస్‌కి వెళ్లే ఆసుపత్రి. ఇవాళ ఆమెకి టీకా."

"తెలుసు" అన్నాడు ఏజెంట్.

డాక్టరమ్మ ఒక సీసా చేతిలో పెట్టింది. "దీన్ని కావాలనే గడ్డకట్టించి కరిగించాను. అనుమానమున్న సీసానీ దీన్నీ కలిపి కుదిపి, పక్కపక్కన పెట్టండి. పాడైనదైతే దీనిలాగే తెలుపు గబగబా అడుక్కి దిగుతుంది."

"గాడ్జెట్ ఇదేనా?"

"ఇదే. పగలగొట్టకండి."

ఏజెంట్ ఫ్రిజ్ మెకానిక్ యూనిఫాంలో ఆసుపత్రి హాల్లోకి వెళ్లాడు. వదిన కుర్చీలో కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంటోంది.

"ఏమయ్యా, ఉద్యోగం మారిందా?"

"పార్ట్ టైమ్ వదినా."

పెట్టెల దగ్గర సూపర్‌వైజర్ నిలబడి ఉంది. నెరిసిన జుట్టు, కళ్లద్దాలు, మాస్కు, కుంటి నడక. ఏదీ సిల్క్‌ది కాదు. కానీ చెవితమ్మె చిరిగి కుట్టిన మచ్చ ఉంది. వాచీ మణికట్టు లోపలివైపు ఉంది. సీసా తీసే ముందు తలుపు వైపు చూసింది. ఆ మూడూ సిల్క్‌వే.

అప్పటికే నర్సు మందు సిరంజిలోకి లాగింది. సూది వదిన చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఉండగా ఏజెంట్ నర్సు చెయ్యి పట్టుకున్నాడు.

"నీ ఫ్రిజ్ సంగతి చూసుకో బాబూ!"

"ఆ సీసా, ఇదీ కలిపి కుదపండి."

నర్సు అతని ముఖం చూసింది. రెండూ కుదిపి బల్ల మీద పెట్టింది. కాసేపటికి రెండింట్లోనూ తెలుపు అడుక్కి దిగింది, పైన నీళ్లు తేరాయి. నర్సు సిరంజి పక్కన పడేసింది.

సూపర్‌వైజర్ తలుపు వైపు నడిచింది. కుంటడం మర్చిపోయింది. ఏజెంట్ అడ్డం నిలబడ్డాడు.

"అన్నీ మార్చాను కదా!"

"చెవి మార్చలేదు."

"అప్పట్లో నన్ను చూస్తే నవ్వేవాడివి."

"అవును" అంటూ బేడీలు వేశాడు.

వేరే స్టోర్ నుంచి కొత్త పెట్టె వచ్చింది. వదినకి సూది పడింది. అతనూ వేయించుకున్నాడు.

మర్నాడు వదిన ఫోన్ చేసింది. "చెయ్యి ఒకటే పీకుతోందయ్యా. మీ అన్నయ్యయితే ఈపాటికి ఇల్లు పీకి పందిరేసేవాడు."

ఏజెంట్ తన చెయ్యి తడుముకున్నాడు. "నాకూ పీకుతోంది వదినా" అన్నాడు.

తర్వాత పెద్దాయనకి ఫోన్ చేసి సెలవు అడిగాడు.

"బుల్లెట్ దిగినప్పుడు కూడా సెలవు అడగలేదు నువ్వు!"

"అప్పుడు నొప్పి తెలీలేదు సార్."