బార్ కోసిన సైకిలు

నరసరావుపేట పల్నాడు రోడ్డులో శ్రీకర్ షాపు ముందు నిలబడితే సైకిలు అనే మాటకి అర్థమే మారిపోతుంది. ఒకదానికి బ్యాటరీ, ఒకదానికి బుల్లెట్ బండి హ్యాండిలు, ఇంకోదానికి పాటలు పాడే స్పీకరు. ఏ పాత సైకిలు లోపలికెళ్ళినా కన్నతల్లి కూడా గుర్తుపట్టలేని వేషంలో బయటికి రావలసిందే.

అలాంటి షాపుకి ఆ సోమవారం ఒకమ్మాయి తుప్పు పట్టిన సైకిలు నడిపించుకుంటూ వచ్చి, అతను నోరు తెరవకముందే చెయ్యి అడ్డం పెట్టింది.

"దీనికి మోటారు పెట్టొద్దు. లైట్లు పెట్టొద్దు. నలుపు తప్ప ఇంకో రంగు వద్దు."

"మరి నా దగ్గరికెందుకు తెచ్చారండీ?" అన్నాడు శ్రీకర్.

"వెల్డింగు మీ అంత బాగా చేసేవాళ్ళు పేటలో లేరన్నారు. చెయ్యి మంచిదే, బుర్రే కాస్త ఎక్కువ పనిచేస్తుందన్నారు."

శ్రీకర్‌కి కోపం రావాలి. రాలేదు సరికదా, నవ్వొచ్చింది. ఆ పిల్ల నచ్చేసింది కూడా.

పేరు వందన. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. సైకిలు వాళ్ళ నాయనమ్మ కోటేశ్వరమ్మది. రొంపిచెర్ల చుట్టుపక్కల ఊళ్ళన్నీ ముప్పై ఏళ్ళు దీనిమీదే తిరిగి కాన్పులు చేసిన నర్సమ్మ ఆవిడ. వచ్చే ఆదివారం ఊరివాళ్ళు ఆవిడకి సన్మానం పెట్టుకున్నారు. స్టేజి మీద నాయనమ్మ పక్కన ఈ సైకిలు ఉండి తీరాలని మనవరాలి పట్టు.

"కొన్నప్పుడు ఎట్టా ఉండిందో అట్టా కావాలి. మీ సొంత తెలివి ఒక్క నట్టు మీద కూడా చూపించొద్దు. చూపించారా, మళ్ళీ ఈ షాపు మొహం చూడను."

ఆమె మళ్ళీ రావాలి. ఆ వారం శ్రీకర్‌కి అంతకుమించిన కోరిక లేదు.

వచ్చేది కూడా. రోజూ కాలేజీ అవగానే తనిఖీకి దిగేది.

"బెల్లు పాతదేనా?"

"పాతదే. దాని దగ్గు కూడా పాతదే."

బుధవారం ఐదు నిమిషాలు వాన పడితే ఆమె అరగంట ఆగింది. వాన వెలిసిందని చెప్పడం అతను మరిచిపోయాడు. బయటికి చూడడం ఆమె మరిచిపోయింది.

గురువారం తుప్పు గీకుతుంటే ఫ్రేముకి రెండు అతుకులు బయటపడ్డాయి. చూడడానికి ఆడవాళ్ళ సైకిల్లాగా ముందు బార్ కిందికి వాలి ఉంది గానీ, పుట్టుకతో అది మగవాళ్ళ సైకిలు. ఎవరో పై బార్ కోసేసి, ఏటవాలుగా వేరే గొట్టం అతికించారు. ఇంకెవరి సైకిలైనా శ్రీకర్ అలాగే వదిలేసేవాడు. కానీ కొన్నప్పుడు ఎట్టా ఉండిందో అట్టా అంది కదా వందన. ఆమె మాట అక్షరాలా నిలబెట్టాలనుకున్నాడు. రెండు రోజులు తిండీ తిప్పలూ మాని ఆ గొట్టం కోసి, కంపెనీ బార్ సంపాదించి పెట్టాడు. శుక్రవారం ఆమె వస్తే షట్టరు సగం దించి, రేపు రమ్మన్నాడు. సర్‌ప్రైజట!

శనివారం పొద్దున్నే వందన నాయనమ్మని ఆటోలో తీసుకొచ్చింది. సైకిల్ని చూడగానే వందన మొహం పాలిపోయింది.

"ఇది మా సైకిలు కాదు."

"ఇదేనండీ అసలు సైకిలు. మధ్యలో ఎవరో తిక్కలోడు బార్ కోసేశాడు. నేను సరిచేశా."

"ఆ తిక్కలోడు మా ఆయన, అబ్బాయ్," అంది కోటేశ్వరమ్మ, ఆటో దిగుతూ.

శ్రీకర్ నాలుక కరుచుకుని, గబగబా ఆవిడకి స్టూలు లాగి వేశాడు.

ఆవిడ స్టూలు మీద కూర్చుని కొత్త బార్ మీద చెయ్యి వేసింది.

"పెళ్ళయిన ఆర్నెల్లకి నాకు ఉద్యోగం వచ్చింది. ఊళ్ళు తిరగాలంటే సైకిలు కావాల. చీర కట్టుకుని ఈ బార్ దాటేదెట్టా? ఉద్యోగం వద్దులే అన్నా. ఆయన వింటేగా! మిరపకాయలమ్మి కొత్తగా కొనుక్కున్న సైకిలు పేటకి తోలుకొచ్చి బార్ కోయించాడు. మా మామగారు మూడు రోజులు కొడుకుతో పలకలా. గోపాలకృష్ణయ్య పెళ్ళాం కోసం సైకిలుకి చీర కట్టించాడని ఊళ్ళో చానా నవ్వారు."

వందన కళ్ళనిండా నీళ్ళు. "నాకెప్పుడూ చెప్పలేదేంది నాయనమ్మా? ఆడవాళ్ళ సైకిలే కొన్నారనుకున్నా." శ్రీకర్ వైపు తిరిగింది. "ఆ గొట్టం ఏం చేశారు? పాత ఇనప సామాన్లకి వేసేశారా?"

అతను లోపలికెళ్ళి గొట్టం తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. "పారేయబుద్ధి కాలా. అంత ప్రేమగా అతికిన అతుకు నేనెక్కడా చూళ్ళేదండీ. మీరు సరేనంటే సాయంత్రానికి మళ్ళీ పెడతా. కానీ బార్ కోయాలి. సొంత తెలివి వద్దన్నారు, అందుకని అడుగుతున్నా."

వందన చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"కొయ్యి," అంది.

ఆ కొయ్యిలో అండీ లేదు. శ్రీకర్ చేతికి గ్రైండరు ఒక పట్టాన అందలేదు.

సాయంత్రానికి పని అయ్యింది. రంగు ఇంకా తడిగానే ఉంది. మనవరాలితో మళ్ళీ వచ్చిన కోటేశ్వరమ్మ సైకిలు చుట్టూ తిరిగి చూసి అడిగింది. "మా ఆయనంటే పెళ్ళాం కోసం కోయించాడు. నువ్వు అతికిందీ, కోసిందీ ఎవరి కోసం అబ్బాయ్?"

దాచుకునే ఓపిక శ్రీకర్‌కి అయిపోయింది. "మీ మనవరాలు రేపట్నించి రాదేమోనని భయమేసింది మామ్మగారూ. రావాలని చేశా."

"ఏమే, విన్నావా?"

"విన్నా. రేపు సన్మానానికి రమ్మను నాయనమ్మా."

"ఎదురుగానే ఉన్నాడుగా. నువ్వే చెప్పు."

వందన అతని వైపు తిరిగింది. "పదింటికల్లా రా. మొదటి వరసలో మా వాళ్ళ పక్కనే కూర్చో. ఈ అబ్బాయెవరని మా నాన్న అడుగుతాడు. నువ్వేం మాట్లాడొద్దు, నేను చెబుతా."

"ఏమని?"

"నాకు నచ్చినోడని," అంది వందన, నాయనమ్మ వింటుండగానే.