పన్నెండు క్యాప్సూల్స్, ఒక పట్టుపోగు

మందుపెట్టెకు కాపలా ఉన్న గార్డు తెల్లారేసరికి సోమందేపల్లె హైవే పక్కన శవమై దొరికాడు. ఏడింటికి ఏజెంట్ గిరి చెవిలోని ఇయర్‌పీస్ పలికింది.

"ఇది కల్వం ముఠా పని," అన్నాడు చీఫ్ అబ్దుల్ గఫూర్. "ఆ పెట్టెలో ఉన్నది మోకాళ్ళ నొప్పికి థాయ్‌లాండ్ వాళ్ళ పాతకాలపు మూలికల మందు. ఆరోగ్యవంతులకిచ్చి సేఫ్టీ పరీక్ష చేస్తున్నారు. పాసైతే ముఠా అమ్మే ఖరీదైన మాత్రలు మూలపడతాయి. అందుకే ఎనిమిదింటి డోస్‌లో విషం పెడతారు. పన్నెండు మంది చస్తే నింద మూలికల మీదికి పోతుంది."

"ట్రయల్ ఆపేద్దాం సార్."

"ఆపితే ఇంకో ఊళ్ళో చంపుతారు. విషం పెట్టేవాణ్ణి పట్టుకో. లోపల మన మనిషి ఉంది. కోడ్ 'వాన పడేలా ఉంది'. ఈ కరువు ఊళ్ళో ఆ మాట ఇంకెవరూ అనరు."

గిరి వేషం లుంగీ, తువాలు. వాలంటీర్ నంబర్ ఏడు. పెళ్ళై పన్నెండు రోజులే. చెయ్యెత్తినప్పుడల్లా మణికట్టు దగ్గర పసుపు వాసన. ఇంత చావు మధ్యలోనూ అతనికి నవ్వొచ్చింది.

రేకుల షెడ్డులో డాక్టర్ హేమావతి ఎదురైంది. తెల్లకోటు కింద ధర్మవరం పట్టుచీర, ఎర్రటి లిప్‌స్టిక్.

"వాన పడేలా ఉంది," అందామె. బయట ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. "పెట్టె భద్రం. తాళంచెవి నా ఒక్కదాని దగ్గరే ఉంది."

గిరి విషం పసిగట్టే వాచీని నొక్కాడు. స్క్రీన్ నల్లబడింది. ఎండకు చచ్చింది.

ఏడూ యాభై ఎనిమిది. హేమావతి పెట్టెకు కట్టిన పట్టుపోగును కత్తిరించి కింద పడేసి, తాళం తీసింది. నిన్న సీలు టేపు వేడికి ఊడిపోతే, మూడో నంబర్ వాలంటీర్, నేతపని చేసే చెన్నమ్మ, ఆ పోగుతో కట్టింది.

క్యాప్సూళ్ళు పన్నెండు చేతుల్లోకి వెళ్ళాయి.

పట్టు నేలపాలైతే చెన్నమ్మ ప్రాణం ఒప్పదు. పోగు తీసుకుని వేలికి చుట్టుకోసాగింది. చుడుతూ చుడుతూ వేలు ఆగిపోయింది.

"ఈ ముడి నేనేసింది కాదే!"

"ముడి ముడే. మింగు," అంది హేమావతి.

"యాడిదమ్మా! తెగిన పోగుకు మేమేసే ముడి గోరుకు తగలదు. ఇది చూడు, శెనగ్గింజంత ఉండాది. ఎవరో విప్పి కట్టినారు."

ఆరో నంబర్ తిప్పన్న అప్పటికే నోట్లో వేసుకున్నాడు. గిరి అరచెయ్యి అతని మెడ వెనక పడింది. క్యాప్సూల్ ఎగిరి నేల మీద దొర్లింది.

"ఏమప్పా, పానం తీస్తావా?"

"పానం నిలబెట్టినా అన్నా," అని గిరి తన క్యాప్సూల్‌ను హేమావతి ముందుకు చాపాడు. "మీరూ ఆరోగ్యవంతులే కదా డాక్టర్. మింగండి."

ఆమె కోటు జేబులోంచి పిస్టల్ తీసింది. "నువ్వెవరో రాగానే తెలిసింది. పసుపు కంపు కొట్టే కూలివాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు. మీ చీఫ్ నన్ను రెండేళ్ళు నమ్మాడు, పాపం."

ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది. నేల మీద కూర్చున్న చెన్నమ్మ రెండు చేతులతో ఆమె చీర కుచ్చిళ్ళు పట్టి లాగింది. గుండు రేకుల్లోకి పోయింది. గిరి పిస్టల్ లాక్కున్నాడు. గోడ గడియారం ఎనిమిది కొట్టింది.

"మా ఊరి చీర కట్టి మమ్మల్నే చంపుతావా, పాపిష్టిదానా!" అని ఉమ్మింది చెన్నమ్మ. ఆ తర్వాత గిరి వైపు తిరిగింది. "ఏమప్పా, మొన్ననే కదా మూడు ముళ్ళేసింది? పక్కనే కూసోని ఒక్క ముడి పోల్చలేకపోతివే! ఆ యమ్మి నీతో ఎట్లేగుతాదో ఏమో."

రిపోర్టులో 'పనిచేసిన పరికరం' అన్న గడిలో గిరి 'ఒక గోరు' అని రాశాడు. చెన్నమ్మ అన్న చివరి మాట మాత్రం దేశభద్రత దృష్ట్యా రాయలేదు.