మోటరు గది మీద ముఖం

నిరంజన్ చేతిలో మొదట ఉన్నది మూడువేల నాలుగొందలు. ఆ డబ్బుతో పాత స్మార్ట్‌ఫోన్ కొని, వాట్సాప్‌లో ‘గోపాల్‌పేట ముచ్చట్లు’ అని గ్రూపు పెట్టాడు. దుకాణాల ప్రకటన ఫొటోలు అందులో వేస్తే దుకాణదార్లు ఫొటోకు ముప్పై రూపాయలు ఇచ్చేవాళ్లు. నెల తిరిగినా గ్రూపులో చేరింది రెండొందల పన్నెండు మందే.

ఆ లెక్క ఎగబాకింది మాత్రం మోటరు గది పుణ్యమా అని.

ఊరికి అవతల, గుట్ట కింద ఉంటుందది. ఎల్లన్న అనే రైతు అందులోనే కరెంటు తగిలి పోయాడట. అప్పటినుంచి పొద్దుగూకితే అటు ఎవరూ పోరని చెప్పుకుంటారు.

ఎవరో దూరం నుంచి తీసిన వీడియో ఒకటి నిరంజన్‌కు చేరింది. గది కప్పు మీద... తెల్లటి ముఖం. ఒళ్లు లేదు. ముఖమే. దానికి గజ్జెల చప్పుడు అతికించి తొమ్మిది గ్రూపుల్లో వేశాడు. వారంలో తన గ్రూపు తొమ్మిదొందలు దాటింది.

ఇంకా దగ్గర్నుంచి ఒకటి తీస్తే... వెయ్యి మంది ఖాయం.

ఆదివారం రాత్రి బండి రోడ్డు మీదే ఆపి నడిచాడు. గాలి లేదు. కుక్క కూడా మొరగలేదు. గజ్జెలు పెట్టింది తానే — అది తెలిసీ చెవులు వాటికోసమే వెతికాయి...

కప్పు మీద ముఖం వెలిగింది.

ఫోన్ ఎత్తాడు. ముఖం ఇటు తిరిగింది—

“ఎవడ్రా? నిన్న రాయి ఇసిరినోడివి నువ్వేనా?”

ధనలక్ష్మి! పత్తి ఏరడానికి వచ్చే కూలీ. తలకు కట్టు. చేతిలో వెలుగుతున్న ఫోన్, ఆ వెలుగు ముఖం మీద మాత్రమే.

“అక్కా... ఈడేం చేస్తున్నవ్?”

“మా వాడల సిగ్నల్ ఏడుందిరా? వీడియో పోవాలంటే ఈ కప్పెక్కాలె. పిల్లకు కొత్తగ నడకొచ్చింది. వాళ్ల నాయిన పుణెల సిమెంటు మోస్తుండు. నాలుగడుగులు చూపెడ్దామని దినాం వస్త. గిప్పుడు నేను దయ్యమట! నిన్న నలుగురొచ్చి రాళ్లేసిండ్రు. మూడు కుట్లు. రేపు కట్టెలు తెస్తరట. ఆ గజ్జెలు పెట్టినోడు దొరకనియ్... వాని నోట్ల మన్ను కొడ్త!”

నిరంజన్ బుర్ర దానంతటదే లెక్క కట్టింది. తొమ్మిది గ్రూపులు, ఒక్కోదాంట్లో రెండొందల యాభై. రెండువేల రెండొందల యాభై మంది. రాళ్లు వెయ్యడానికి అందులో నలుగురే సరిపోయారు.

“నేనే పెట్టినక్కా.”

ఆమె చెయ్యి లేచింది. కొట్టలేదు.

“నువ్వా? మొన్ననే గదరా నా పిల్లను ఎత్తుకుంటివి!” పళ్లు కొరికింది. “నా తలకాయకు ఎంతొచ్చిందిరా?”

“నువ్వు దయ్యం కాదని వీడియో పెడ్త. జర ఇటు చూడు...”

“నా మొకం ఇడిసిపెట్టు. నీ మొకం చూపెట్టు!”

కప్పెక్కి సెల్ఫీ కెమెరా తెరిచాడు. తెర మీద వెలిగింది— తెల్లటి ముఖం. ఒళ్లు లేదు. ముఖమే.

తన ముఖమే.

“నేను నిరంజన్‌ని. ఆ గజ్జెలు నేనే పెట్టిన. మోటరు గది మీద దయ్యం లేదు... పిల్ల తల్లి ఉంది. రాళ్లు వెయ్యాలంటే నా మీద వెయ్యుండ్రి.”

తొమ్మిది గ్రూపులూ ఎంచుకున్నాడు. రేపు ఏ దుకాణమూ ఫొటో ఇవ్వదు. సిగ్నల్ ఒక్క గీత.

“పంపు,” అంది ధనలక్ష్మి.

బొటనవేలు బాణం గుర్తు మీదికి జరిగింది...