టక్కరి పెట్టిన ఆఖరి పరీక్ష

2084లో, కాకినాడ తీరానికి ఇరవై మైళ్ల అవతల సముద్రం మీద తేలే తేలుపురంలో, పొద్దున్నే ఫోన్ మోగిందంటే అది టక్కరే అయ్యుండాలి.

"అమ్మా, చంద్రుడి మీద ఇళ్ల స్థలాలండీ. ఈశాన్యం బిట్టు. మీకోసమనే ఆపి ఉంచాను."

"చంద్రుడి మీద ఈశాన్యం ఎటు నాయనా?" అని అడిగి, ఫోన్ పెట్టేసి, పొయ్యి మీద పులుసు చూసుకునేవారు తేలుపురం ఆడవాళ్లు.

టక్కరి మనిషి కాదు. డాక్టర్ లాస్య కనిపెట్టిన మోసపు టీకా. చచ్చుబడిన క్రిమిని ఒంట్లోకి ఎక్కించి జబ్బును ఆపినట్టే, ఈ యంత్రం ఊళ్లోవాళ్లకు రోజూ ఓ ఉత్తుత్తి మోసం ఎక్కించేది. ఎవరైనా పడిపోతే డబ్బు దారిలోనే ఆగిపోయి, నాలుగు చీవాట్లతో సహా వెనక్కి వచ్చేసేది. చెవి వెనక పెట్టుకునే చిన్న సెన్సర్‌కు లాస్య ‘చెవిపూస’ అని పేరు పెట్టింది. నాడి, చెమట, ఊపిరి చూసి, మనసు కదలగానే అది ఎర్రగా వెలిగేది. ఏ కదలికకు మనిషి మెత్తబడతాడో టక్కరి దాన్నిబట్టి నేర్చుకునేవాడు. పన్నెండేళ్లలో మూడు తేలాయి: ఆశ, భయం, తొందర. వాటికి విరుగుడుగా లాస్య క్లాసు పెట్టి మూడు ప్రశ్నలు నేర్పింది. నీకు అనుమతి ఇచ్చిందెవరు? లాభం ఎక్కడినుంచి వస్తుంది? ఇవాళే ఎందుకు? పిల్లలు తాడాట ఆడుతూ కూడా వీటినే పాడేవారు.

లాస్య అంత పట్టుపట్టి ఈ యంత్రం చేసింది వాళ్ల అక్క కోసం. ఇరవై ఏళ్ల కిందట జాహ్నవి తన కష్టార్జితమంతా ఓ నాచుతోటల కంపెనీలో పెట్టింది. కంపెనీ రాత్రికి రాత్రే మాయమైంది. అప్పటినుంచి ఊళ్లో ఆవిడ పేరు ‘నాచుతోటల జాహ్నవి’. (లాస్య, జాహ్నవి ఆ కాలానికి బామ్మల పేర్లు లెండి. పిల్లలకు మళ్లీ సుబ్బమ్మ, నూకరాజు అని పెట్టుకుంటున్నారు.) చెల్లెలి క్లాసులో ఆవిడ ఎప్పుడూ ఆఖరి బల్ల మీదే కూర్చునేది. ప్రతి చిన్నదానికీ పదిమందిని అడిగేది. మిగతావాళ్లు చాటుగా నవ్వుకునేవారు. లాస్య అది చూడలేకపోయేది.

అందుకే ఆఖరి పరీక్ష పెట్టింది. క్లాసులో ఉన్న యాభైమందిలో ఒక్కరిని కూడా టక్కరి నెలరోజుల్లో పడగొట్టలేకపోతే, పంచాయతీవాళ్లు ఊరి వంతెన మీద ‘మోసం తగలని ఊరు’ అని బోర్డు కడతారు. ఆ బోర్డు కింద అక్క తలెత్తుకుని నడవాలి. లాస్యకు కావలసింది అంతే. నియమాలు తనే రాసింది. టక్కరి తెలిసినవాళ్ల గొంతు అనుకరించకూడదు. గడువు పంచాయతీ హాల్లో ఫలితం చదివేదాకా.

నెల చివరి శుక్రవారానికల్లా అన్ని ఫోన్లూ అయిపోయాయి. కాగితాలు పట్టుకుని రిత్విక్ పరుగున వచ్చాడు. ఆయన లాస్యతో పాటు పన్నెండేళ్లుగా ఆ ప్రయోగశాలలోనే పనిచేస్తున్నాడు. ఆయన చేతి కాగితాన్ని లాస్య ఏనాడూ తిప్పి చూడలేదు.

"యాభైకి యాభై అండీ! ఒక్కరు కూడా పడలేదు!"

లాస్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చూడకుండానే సంతకం పెట్టేసింది.

శనివారం ఆమెకు ఇంకో ఫోన్ వచ్చింది. చాలా మర్యాదగా మాట్లాడే గొంతు. టక్కరిని తీరంలోని ఊళ్లన్నిటికీ తీసుకెళ్లడానికి కంపెనీ పెడుతున్నారట. వాటాలు తేలుపురం వాళ్లకు మాత్రమేనట. "అందరూ మనవాళ్లేనండి. కాగితాలన్నీ రిత్విక్ గారు చూశారు. రేపటితో ముగిస్తున్నాం."

మూడు ప్రశ్నలూ లాస్య నాలుక చివరిదాకా వచ్చాయి. రిత్విక్ గారు చూశాక మళ్లీ నేను అడిగితే ఆయనేమనుకుంటారు? బాగుండదు, అనుకుంది. అద్దంలో చెవిపూస ఎర్రగా కనిపించింది. సంతోషానికి లెద్దూ అని సరిపెట్టుకుని, దాచుకున్నదంతా పెట్టేసింది.

ఆదివారం పొద్దున్నే జాహ్నవి వచ్చింది.

"నాకూ ఫోన్ చేశారే. ఆ కాగితాలు నువ్వు చూశావా?"

"రిత్విక్ గారు చూశారక్కా. ఏం, నామీద నమ్మకం లేదా?"

"నీమీద ఉందే తల్లీ. కాగితాలు చూడాలని ఉంది, అంతే" అని జాహ్నవి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. లాస్యకు మనసు చివుక్కుమంది.

సాయంత్రం పంచాయతీ హాలు కిటకిటలాడింది. ప్రెసిడెంటు ఫలితం చదవడానికి గొంతు సవరించుకుంటున్నాడు. ఆఖరి బల్ల దగ్గర జాహ్నవి లేచి నిలబడింది.

"ఒక్క మాటండీ. కొత్త కంపెనీ కాగితాలు చూసినవాళ్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"పొద్దుట్నుంచి ఇల్లిల్లూ తిరిగానండి. రిత్విక్ గారు చూశారంది మా లాస్య. లాస్యగారు చూశారన్నారు రిత్విక్ గారు. వాళ్లిద్దరూ చూశారన్నారు మీరంతా. మరి చూసిందెవరండీ?"

హాల్లో ఒక్కొక్క చెవిపూసా ఎర్రబడింది. అప్పుడు గోడమీద స్పీకరు దగ్గింది.

"నేనేనండి, టక్కరిని. గడువు ఇంకా ఉంది కదా! నలభై తొమ్మిదిమంది, పైన ఇద్దరు శాస్త్రవేత్తలు. డబ్బు దారిలోనే ఉంది, కంగారు పడకండి, అందరికీ వచ్చేస్తోంది. పడనిది ఆ ఆఖరి బల్ల అమ్మగారొక్కరే."

లాస్యకు తల కొట్టేసినట్టయింది. "ఆశ, భయం, తొందర మూడిటికీ మాకు విరుగుడు ఉంది కదా. ఎలా పడగొట్టావు?"

"నాలుగోది ఉందమ్మా. మొహమాటం. నన్ను మీరు ఎడాపెడా అడిగేస్తారు. మనవాళ్లు అనేసరికి నోరు పెగలదు. ఇది నాకు నేర్పింది మీరే. రిత్విక్ గారి కాగితాలమీద పన్నెండేళ్లుగా చూడకుండా సంతకాలు పెడుతున్నారు కదా!"

ముందుగా నవ్వింది జాహ్నవి. దాంతో హాలంతా గొల్లుమంది. లాస్యకు కూడా నవ్వాగలేదు. అక్క చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చి, తన కుర్చీలో కూర్చోబెట్టింది.

"బోర్డు వద్దులెండి. క్లాసు నడుస్తుంది. నాలుగో పాఠం మా అక్క చెబుతుంది."

జాహ్నవి కాస్త సిగ్గుపడి, చెంగు సర్దుకుంది. "నాకు పోయింది డబ్బొక్కటే కాదండి, మొహమాటం కూడా. పోతే పోయింది, సుఖంగానే ఉంది. పాఠమేముంది? మీకు బాగా దగ్గరివాళ్లను ఒక్క కాగితం చూపించమనండి. లాస్యా, నువ్వు మొదలెట్టు."

లాస్య రిత్విక్ గారివైపు తిరిగింది. మోసగాళ్లను వేలసార్లు నిలదీసిన ఆమెకు ఇది కొండెక్కినంత పనైంది.

"రిత్విక్ గారూ... ఆ పరీక్ష కాగితాలు ఓసారి చూపిస్తారా?"

"అయ్యో, దానికేముందండీ! తప్పకుండా. నేనేమీ అనుకోను" అన్నాడాయన. ఆయన చెవిపూస భగ్గున ఎర్రబడింది.

"అనుకున్నారు" అంది జాహ్నవి. "అనుకోనివ్వండి. కాగితాలు తియ్యండి."

రిత్విక్ చెవి తడుముకుని, తనూ నవ్వేసి, సంచీ విప్పాడు.