సోఫాల షాపులో పొగరుబోతు

సోఫా కొనే ఉద్దేశమే లేనివాళ్ళ చేత కూడా సోఫా కొనిపించగల నేర్పు ఆమెది. అంతటి మాటకారిని ఆ షాపులో ఒక్కడే లెక్కచేయలేదు. సోఫాలకు గుడ్డ కుట్టడానికి కొత్తగా చేరినతను. రోజూ పొద్దున కుట్టుమిషన్ పక్కనుంచి వెళ్తూ ఆమె పలకరిస్తే, తలైనా ఎత్తేవాడు కాదు.

"ఎంత పొగరో నాన్నా," అని ఇంట్లో రోజూ అదే పాట. కొన్నాళ్ళకు అతని ఊసెత్తితే నాన్న కూడా మండిపడసాగాడు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. గొడుగు విప్పి మెట్లు దిగుతున్న అతన్ని, "కాస్త బస్టాపుదాకా తీసుకెళ్తారా?" అని అడిగింది. అతను చక్కా పోయాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. తడుస్తూనే పరుగెత్తి ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, నాతో మాట్లాడితే మీ నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

అతను కంగారుగా గొడుగు ఆమె మీదికి జరిపాడు. "పిలిచారా? నాకు ఎడమ చెవి వినపడదండీ. చిన్నప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది."

రోజూ తను వెళ్ళేది అతని ఎడమ పక్కనుంచే. ఆమె మొహం చిన్నబోయింది.

"మరి చెప్పొచ్చుగా?"

"ఎప్పుడు చెప్పను? కస్టమర్లందరితో నవ్వుతూ మాట్లాడతారు. నన్ను చూస్తే మూతి ముడుస్తారు. పొగరు మీకే అనుకున్నా."

ఆమెకు నవ్వాగలేదు. బస్సు వచ్చింది, వెళ్ళింది. ఇద్దరూ గొడుగు కిందే ఉన్నారు.

చలికాలం వెళ్ళేసరికి అతన్నే పెళ్ళి చేసుకుంటానని ఇంట్లో చెప్పింది.

"ఆ పొగరుబోతునా?" అన్నాడు నాన్న.

"పొగరు కాదు నాన్నా, చెవి."

"ఇప్పుడు ఇష్టపడ్డావు కాబట్టి వెనకేసుకొస్తున్నావు."

సోఫాలు అమ్మే తెలివంతా వాడి చూసింది. లాభం లేకపోయింది. ముందు అంత బాగా నమ్మించింది మరి. చివరికి ఒక్కసారి చూడమని బతిమాలింది.

ఆదివారం అతను వచ్చాడు. నాన్న అతని ఎడమ పక్కన కూర్చుని, రైలు నడిపిన రోజుల్లో పొగమంచులో గొర్రెలమంద అడ్డం వస్తే బండి ఆపిన కథ ఎత్తుకున్నాడు. అమ్మ, అన్నయ్య, ఆమె అలవాటుగా వంటింట్లోకి జారుకున్నారు. అతను మాత్రం ఒళ్ళంతా అటు తిప్పి, పెద్దాయన మొహంలోకి చూస్తూ విన్నాడు.

"తర్వాత గొర్రెలు పట్టాలు దిగాయా అండీ?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ అడగలేదు.

"ఎంత మర్యాదయ్యా నీకు," అన్నాడు నాన్న.

అతను ఇబ్బందిగా కదిలాడు. "మర్యాదని కాదండీ. ఇటు తిరగకపోతే నాకు వినపడదు."

నాన్న వంటింటి వైపు చూశాడు.

"మా వాళ్ళందరికీ రెండు చెవులూ పనిచేస్తాయి బాబూ. ఒక్కరూ ఇటు తిరగరు."

వంటింటి గుమ్మంలో మూడు తలలు వంగాయి.

"పెళ్ళెప్పుడు చేద్దామమ్మా?" అని అడిగాడు నాన్న. ఆమె నోరు తెరిచేలోపే అతని వైపు తిరిగి, "ఇంకో రైలు సంగతి చెప్తా విను," అన్నాడు.