హుడాక్ కొడుకు కూర్చునే చోటు

డన్మార్ బేస్‌బాల్ మైదానంలో చీకటి పడ్డాక రెండో బేస్ మీదుగా ఎవరూ నడవరు. బొగ్గు గనిలో రాత్రి పనికి వెళ్ళేవాళ్ళు అడ్డదారి కదా అని కంచె దూకుతారు గానీ, ఆ చోటు దగ్గరికొచ్చేసరికి పక్కకి తిరిగి చుట్టూ పోతారు. ఎందుకని అడిగితే నవ్వేసి ఊరుకుంటారు. మరీ గుచ్చి అడిగితే మాత్రం...

"హుడాక్ కొడుకు కూర్చుంటాడక్కడ."

"కూర్చుని?"

"ఎదురు చూస్తాడు."

ఎవరి కోసమో చెప్పరు. చెప్పక్కర్లేదు. ఆ పేరు ఊరందరికీ తెలుసు... టోబీ రూర్క్.

రూర్క్ బతుకంతా వాడి కాళ్ళలోనే ఉండేది. ఊరూరా తిరిగి జీతానికి ఆడే జట్టులో వాడంత వేగంగా బేస్ నుంచి బేస్‌కి, అంటే నేలకి బిగించిన ఒక సంచి నుంచి ఇంకో సంచికి, పరుగెత్తేవాడు లేడు. కాళ్ళ కంటే ముందు వాడి ఆకురాయి పరుగెత్తేది. ఆట మొదలయ్యే ముందు, ఎదుటి జట్టు చూస్తుండగా బెంచీ మీద కూర్చుని, బూట్ల అడుగున ఉండే ఇనుప మేకులకి పదును పెట్టేవాడు. కర్... కర్... కర్... ఆ చప్పుడు వింటే బేస్ కాసేవాడికి పిక్కలు జివ్వుమనేవి. వాడికి కావలసిందీ అదే.

ఒక ఏడు డన్మార్‌లో రెండో బేస్ కాసింది యోజెఫ్ హుడాక్. గనిలోంచి ఆటలోకి వచ్చిన కుర్రాడు. చప్పుడు విన్నాడు, అయినా కదల్లేదు. రూర్క్ రెండు కాళ్ళూ ముందుకు చాచి నేల మీద జారుకుంటూ వచ్చాడు. యోజెఫ్ పిక్క చీలిపోయింది.

ఆ రోజుల్లో ఆటగాళ్ళకి ఏ గాయానికైనా ఒకటే మందు... నములుతున్న పొగాకు. రూర్క్ తన నోట్లోని ముద్ద తీసి కుర్రాడి ఒళ్ళోకి విసిరాడు.

"పెట్టుకోరా, తగ్గిపోతుంది. ఈసారి దారికి అడ్డం రాకు!"

జనం నవ్వారు. యోజెఫ్ కూడా నవ్వి పెట్టుకున్నాడు. వారం తిరగకుండా దవడలు బిగుసుకుపోయాయి. ధనుర్వాతం. వాడి తల్లి జుజానా చెంచాతో నీళ్ళు పోయబోతే ప్రాణం పోయేదాకా పళ్ళు విడలేదట.

ఏడాది తర్వాత రూర్క్ జట్టు మళ్ళీ డన్మార్ వచ్చింది. ఈసారి వచ్చింది మామూలు ఆటకి కాదు. మర్నాడు ఆటగాళ్ళని ఎంచుకునే పెద్ద లీగు మనిషి ఒకడు రూర్క్ కాళ్ళు చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితే నగరం, లేకపోతే ఈ బొగ్గు ఊళ్ళే గతి.

హోటల్లో ఉడికించిన బంగాళాదుంపలు తింటూ కెప్టెన్ గస్ క్రాఫ్ట్ ఎత్తిపొడిచాడు.

"ఏరా రూర్క్, రేపు రెండో బేస్ దాకా పోతావా, మొదటిదాని దగ్గరే జపం చేసుకుంటావా?"

"ఎందుకు పోను?"

"అక్కడ నీ చుట్టం కూర్చుని ఉంటాడటగా!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. రూర్క్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. నేల మీద గీతలు పడతాయని హోటలువాళ్ళు మేకుల బూట్లు లోపలికి రానివ్వరు. బూట్లూ, ఆకురాయీ మైదానంలోనే బెంచీ కింద ఉన్నాయి.

"ఇప్పుడే పోయి తెస్తాను. వరండాలో మీ అందరి ముందూ పదును పెడతాను. వినండి!"

వెళ్ళాడు.

వెన్నెల లేదు. గని పొగ మైదానం మీదికి దిగి ఉంది. గేటు ఓరగా తెరిచి ఉంది... వేసి ఉండాలి కదా అనుకున్నాడు. గడ్డి మీద పది బారలు నడిచాడో లేదో—

కర్...

ఆగాడు.

కర్... కర్...

ఆ చప్పుడు తనది. తన ఆకురాయికి మధ్యలో ఒక పన్ను విరిగి ఉంది. అక్కడికి రాగానే చిన్నగా 'టిక్' మంటుంది. కర్... కర్... టిక్. ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు. చీకటే మోగుతున్నట్టుంది.

అప్పుడు చూశాడు. ఆట అయిపోగానే బేస్ సంచులన్నీ ఊడదీసి తీసుకుపోతారు. రెండో బేస్ ఉండాల్సిన చోట రాత్రిపూట మట్టి తప్ప ఏమీ ఉండదు. ఆ మట్టిలో ఎవరో కూర్చుని ఉన్నారు. వీపు వంగి ఉంది. పంట్లాం ఒక కాలు మోకాలిదాకా మడిచి ఉంది.

తల మెల్లగా ఇటు తిరుగుతోంది...

రూర్క్ హోటల్‌కి ఎలా వచ్చిపడ్డాడో వాడికే తెలీదు. "గేటుకి తాళం" అని అబద్ధమాడి గదిలోకి పోయాడు. 

తెల్లారాక మైదానానికి వెళ్తే బూట్లూ, ఆకురాయీ బెంచీ కిందే ఉన్నాయి. మేకులు మాత్రం సూదుల్లా మెరుస్తున్నాయి. వాడు జన్మలో అంత పదును పెట్టలేదు. హమ్మయ్య అనుకున్నాడు. ఇదంతా వీళ్ళ కొంటెతనమే!

"మంచి పని చేశావు గస్," అని కన్ను గీటాడు.

"ఏం చేశాను?" అన్నాడు గస్.

రూర్క్ నవ్వుకుంటూ బూట్లు తొడుక్కున్నాడు.

కొట్టాడు, మొదటి బేస్ చేరాడు. పెద్ద లీగు మనిషి ముందుకి వంగి చూస్తున్నాడు. బంతి వేసేవాడు చెయ్యి ఎత్తగానే రూర్క్ రెండో బేస్‌కి పరుగు లంకించుకున్నాడు. కాళ్ళు ముందుకు చాచి జారాడు. మామూలు మేకైతే సంచిని గీరుకుంటూ పోయేది. ఇంత పదునైంది పోలేదు. సంచి గుడ్డ దాటి, దాన్ని నేలకి బిగించే తోలుపట్టీలోకి దిగబడి అక్కడే ఆగిపోయింది. కాలు ఆగింది. మనిషి ఆగలేదు.

చీలమండ దగ్గర ఎముక విరిగిన చప్పుడు చివరి వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినబడింది. పెద్ద లీగు మనిషి టోపీ పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

డాక్టరు వచ్చేదాకా వాణ్ణి బెంచీ మీద పడుకోబెట్టారు. గస్ స్ట్రెచర్ కోసం పరుగెత్తాడు. బెంచీ దగ్గర ఎవరూ లేని ఆ కాసేపట్లో నల్లటి తలగుడ్డ కట్టుకున్న ముసలామె వచ్చి పక్కన కూర్చుంది. జుజానా హుడాక్. డన్మార్ జట్టుకి బేస్ సంచులు కుట్టేది ఆమే. చిరిగినవి రాత్రి ఇంటికి పట్టుకెళ్ళి బాగుచేసి తెస్తుంది. గేటు తాళంచెవి ఆమె దగ్గర ఒకటుంది.

ఆమె గోళ్ళ సందుల్లో ఇనుప రజను.

"నువ్వా..." అన్నాడు రూర్క్.

"నేనే. నువ్వు రోజూ చేసుకునే పనే చేసిపెట్టాను. నాలుగు గీతలు ఎక్కువ గీశాను, అంతే." గౌను జేబులోంచి పొగాకు ముద్ద తీసింది. "కాలు ఇటు పెట్టు. నా కొడుక్కి నువ్విచ్చిన మందే."

నోరు తెరవబోయాడు. 

"అరవకు. రాత్రి కూడా అరవలేదుగా. ఈ బెంచీ వెనకాలే కూర్చున్నాను, చూస్తూనే ఉన్నాను. నన్ను చూసి ఎందుకంత పరుగు తీశావు? ముసలిదాన్ని!"

"నేను నిన్ను చూళ్ళేదు..." అన్నాడు రూర్క్. "బెంచీ వైపే చూళ్ళేదు. అక్కడ... రెండో బేస్ దగ్గర... పంట్లాం మడుచుకుని, పిక్క పట్టుకుని..."

 ఆమె చేతిలోంచి పొగాకు ముద్ద కింద పడింది. మైదానం వైపు తిరిగి చూసింది. అక్కడ దుమ్ము తప్ప ఏమీ లేదు.

తర్వాత వాడి చెవి దగ్గరికి వంగి, చిన్నగా అడిగింది.

"ఇంకా నెప్పెడుతోందా వాడికి?"